స్కానర్ లీన్ అంటోంది, ప్లగ్గులేమో మసి పట్టాయి. ఏది నమ్మాలి?

పొగగొట్టం:
కారు ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే మానిఫోల్డ్ కింద పైపు తుప్పు పట్టి చిల్లు పడితే పోయిన నెల వెల్డింగ్ చేయించాను. మోత తగ్గింది. వారం తిరక్కుండానే చెక్ ఇంజిన్ లైటు. స్కానర్ పెడితే పి0171, మిక్స్చర్ మరీ లీన్ అట, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. పెట్రోలు సరిగ్గా వెళ్లట్లేదేమోనని ప్లగ్గులు విప్పాను. నాలుగూ కాటుక పెట్టినట్టున్నాయి! వేలితో రాస్తే పొడి మసి. మైలేజీ కూడా పడిపోయింది. పెట్రోలు తక్కువైతే మసెందుకు?

ఇంకో తిరకాసు. ఆక్సిజన్ సెన్సార్ 0.1 ఓల్టు దగ్గరే కూర్చుంది. 0.1 అంటే ఆక్సిజన్ తక్కువనేగా? అప్పుడు రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ అనాలి కదా! సెన్సార్ మార్చేయమంటున్నారు. కొనేముందు అడుగుదామని.

పాత పానా:
ఆగండి, కొనకండి. ముందు ఆ ఓల్టేజీని తిరగేసి చదవాలి. సెన్సార్‌లో జిర్కోనియా అనే పింగాణీ ఉంటుంది. దానికి ఒకవైపు బయటి గాలి, రెండోవైపు పొగ. రెండువైపులా ఉన్న ఆక్సిజన్‌లో తేడా ఎంత పెద్దదైతే ఓల్టేజీ అంత. పొగలో ఆక్సిజన్ మిగలకపోతే 0.8, 0.9 దాకా పోతుంది, అది రిచ్. మిగిలితే 0.1కి పడుతుంది, అది లీన్.

ఇక లీన్ అన్న మాట. కంప్యూటర్‌కి సిలిండర్ లోపల ఏం జరుగుతుందో కనపడదు. సెన్సార్ దగ్గర ఆక్సిజన్ తగిలితే లీన్ అనేస్తుంది, అదెటు నుంచి వచ్చిందో దానికి పట్టదు. ఇంతకీ వెల్డు సెన్సార్‌కి ముందా, వెనకా?

పొగగొట్టం:
ముందేనండీ. జానెడు దూరం.

కొత్త డ్రైవరు:
ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లేమో? ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుందని చదివాను.

పాత పానా:
ఉంటుంది, బరువులో మూడోవంతు పైనే. పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అందుకని కంప్యూటర్ ఇంధనం కొంచెం పెంచుతుంది. కానీ అది నిజంగా అవసరమై పోసేది, దాంతో మసి పట్టదు.

నీలి మంట:
జానెడు ముందే అంటే దొంగ దొరికినట్టే. నేను గ్యాస్ వెల్డింగ్ వాణ్ని. పొగ పైపులో ధారగా పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. రెండు దెబ్బల మధ్య ఒత్తిడి బయటి గాలికంటే కిందికి దిగుతుంది. వెల్డులో సూదిమొనంత పిన్‌హోల్ ఉన్నా చాలు, అప్పుడు గాలి లోపలికి దూరుతుంది. సెన్సార్ లీన్ అంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. అయినా ఆ గాలి ఆగదుగా, మళ్లీ లీన్. ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచిందో, 20 పైనే ఉంటుంది. ఆ మసి అదే.

మా టార్చ్ దగ్గరా ఇదే గొడవ, పేర్లే వేరు. ఎసిటిలీన్ ఎక్కువైతే లోపలి కోన్ చుట్టూ తెల్లటి ఈక కనిపిస్తుంది. అది కార్బురైజింగ్ మంట, మీ రిచ్. ఆక్సిజన్ ఎక్కువైతే కోన్ పొట్టిదై, మొనదేలి బుస్సుమంటుంది. అది ఆక్సిడైజింగ్, మీ లీన్. ఈక కోన్‌లో కలిసిపోయిన చోట న్యూట్రల్. నేను మంట చూసి నాబ్ తిప్పుతా. మీ కంప్యూటర్‌కి మంట కనపడదు, పొగ వాసన చూసి తిప్పుతుంది పాపం.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక వాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే గొట్టాన్ని సైలెన్సర్ చివర పెట్టి గుడ్డ చుట్టండి. వెల్డు మీద సబ్బునీళ్లు రాయండి, కింది పక్క మర్చిపోకుండా. మళ్లీ వెల్డు చేయిస్తే సెన్సార్ విప్పించండి, బ్యాటరీ నెగెటివ్ తీయించండి. ఎర్త్ క్లాంపు వెల్డు పక్కనే పట్టాలి, ఎక్కడో బాడీకి తగిలించి వదిలేస్తే ఒప్పుకోకండి. పాత వెల్డు మీదే ఇంకో పూత వేస్తానంటే అసలే వద్దు, గ్రైండ్ చేసి తెల్ల ఇనుము కనపడ్డాకే.

పొగగొట్టం:
దొరికిందన్నా! కింది పక్క, అద్దం పెడితే తప్ప కనపడని చోట, చీమ తలంత బొక్క. సబ్బు బుడగ ఉబ్బడం, పగలడం, మళ్లీ ఉబ్బడం. నిన్న గ్రైండ్ చేయించి కొత్తగా వెల్డు పెట్టించాను. ఇప్పుడు సెన్సార్ 0.1కీ 0.8కీ మధ్య ఉయ్యాల ఊగుతోంది, ట్రిమ్ 3కి దిగింది. ప్లగ్గుల మసి మాత్రం ఆదివారం తుడవాలి.