రాజ్యాంగ మూల సూత్రాలను పార్లమెంటు మార్చగలదా?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థిని):
రాజ్యాంగాన్ని సవరించే అధికారాన్ని 368వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. 1976లో 42వ సవరణ పీఠికలోనే ‘సామ్యవాద’, ‘లౌకిక’ పదాలను చేర్చింది. అలాగైతే తగినంత సంఖ్యాబలమున్న ప్రభుత్వం ప్రజాస్వామ్యాన్నే తొలగించగలదా? పెద్దలు వివరించగలరు.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు):
తొలగించలేదమ్మా. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు పదమూడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఏ అధికరణాన్నైనా సవరించవచ్చు గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని, అంటే దాని మూల సూత్రాలను, చెరపరాదని 7–6 ఆధిక్యంతో తేల్చింది. అంతకుముందు 1967లో మన రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి ధర్మాసనం గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను హరించే సవరణ చెల్లదని తీర్పు ఇచ్చింది. 1973లో ఆ తీర్పును తోసిపుచ్చినా, అందులోని ఆందోళనే కొత్త సిద్ధాంతానికి దారి తీసిందని నా అభిప్రాయం.

జవాబు (న్యాయవాది):
మాస్టారు చెప్పినదానికి ఒకటి చేర్చాలి. జర్మనీ 1949 నాటి మౌలిక చట్టం (ఆ దేశ రాజ్యాంగం)లోని 79వ అధికరణం, మానవ గౌరవానికి సంబంధించిన సూత్రాన్ని సవరణతో తాకరాదని రాతపూర్వకంగానే నిర్దేశించింది. మన దగ్గర అటువంటి జాబితా లేదు; ఏది మౌలికమో సుప్రీంకోర్టే ఒక్కో కేసులో చెబుతూ వస్తోంది. మీరు ప్రస్తావించిన లౌకికత్వం కూడా మౌలిక స్వరూపంలో భాగమేనని 1994 నాటి సుప్రీంకోర్టు బొమ్మై తీర్పు స్పష్టం చేసింది.