వీఎంలో నెట్ రాకపోతే ముందుగా బ్రిడ్జ్‌కి మార్చమనడం సరైన సలహాయేనా?

ల్యాబ్_మాస్టారు:

ఇంజినీరింగ్ విద్యార్థులకు లైనక్స్ నేర్పుతాను. వాళ్ల లాప్‌టాప్‌లలో విండోస్, దాని మీద వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్ లేదా వీఎంను, నడిపే ప్రోగ్రామ్), అందులో ఉబుంటు అనే లైనక్స్. వీఎంలో నెట్ రావడం లేదని ఎవరైనా అనగానే పక్క బెంచీ నుంచి వచ్చే జవాబు ఒకటే: సెట్టింగ్స్‌లో నాట్ తీసేసి బ్రిడ్జ్ పెట్టు. (నాట్ అంటే వీఎం లాప్‌టాప్ చాటున ఉండి దాని అడ్రస్‌తోనే నెట్ వాడడం, బ్రిడ్జ్ అంటే నెట్‌వర్క్‌లో విడి యంత్రంగా నేరుగా చేరడం.) వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే మాట. ఈ సలహాను మనం మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పి కాదనండి, తప్పకుండా వింటాను.

నాట్ పద్ధతిలో ఉన్న వీఎం బయటి నెట్‌వర్క్‌కు కనిపించదు. వర్చువల్‌బాక్స్ దానికి 10.0.2.15 అనే అడ్రస్ ఇచ్చి, 10.0.2.2 దగ్గర తానే గేట్‌వేగా (బయటికి వెళ్లే ద్వారంగా) ఉంటుంది. వీఎం పంపినదంతా విండోస్‌లో నడిచే ఒక మామూలు ప్రోగ్రామ్ పంపినట్టుగానే బయటికి పోతుంది. కాబట్టి విండోస్‌లో బ్రౌజర్ పనిచేస్తూ వీఎంలో మాత్రం నెట్ రాకపోతే, లోపం ఉండగల చోట్లు చాలా తక్కువ. అంత చిన్న చోట వెతకడం మానేసి, వైఫై, రౌటర్, కాలేజీ ఫైర్‌వాల్ అన్నీ కలిసిన పెద్ద చోటికి ఆ విద్యార్థిని పంపించేస్తున్నాం.

బ్రిడ్జ్ పెట్టగానే నెట్ వచ్చిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, చాలామందికి నిజంగానే వస్తుంది. నేను ఎక్కువగా చూసే కేసు ఇది. వర్చువల్‌బాక్స్ నాట్ మామూలుగా హోస్ట్‌లో (వీఎంను నడిపే అసలు కంప్యూటర్‌లో) ఉన్న డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి దాని అడ్రస్ చెప్పే) సర్వర్ అడ్రస్‌నే వీఎంకు అందిస్తుంది. విద్యార్థి కాలేజీలో ఉండగా వీఎంను ఆపకుండా, ఉన్న స్థితిని భద్రపరచి మూసేస్తాడు. సాయంత్రం హాస్టల్‌లో తెరుస్తాడు. వీఎం దగ్గర ఇంకా కాలేజీ డీఎన్‌ఎస్ అడ్రసే ఉంటుంది, అది హాస్టల్ నుంచి అందదు. 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కు పింగ్ (అవతలి యంత్రం అందుతోందా అని చూసే పలకరింపు) చేస్తే జవాబు వస్తుంది, పేరుతో ఏ సైటూ తెరుచుకోదు. ఇక్కడ బ్రిడ్జ్‌కి మారిస్తే ఉబుంటు డీహెచ్‌సీపీని (యంత్రాలకు అడ్రస్‌లు పంచే సేవను) మళ్లీ అడిగి అడ్రస్, డీఎన్‌ఎస్ రెండూ కొత్తగా తెచ్చుకుంటుంది. పని జరిగింది ఆ కొత్త డీఎన్‌ఎస్ వల్ల. వీఎంను రీస్టార్ట్ చేసినా అదే జరిగేది. మళ్లీ మళ్లీ రాకుండా ఉండాలంటే వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌తో ఆ వీఎంకు నాట్ డీఎన్‌ఎస్ ప్రాక్సీ గాని, హోస్ట్ రిజాల్వర్ గాని ఆన్ చేస్తే చాలు, పేర్లు వెతికే పని హోస్ట్ వైపే జరిగిపోతుంది.

విద్యార్థి మాత్రం "బ్రిడ్జ్ మంచిది, నాట్ చెడ్డది" అని నేర్చుకుని వెళతాడు. నా బాధ అదే.

కేబుల్_మనిషి:

మాస్టారూ, మీ డీఎన్‌ఎస్ కేసు నిజమే. కానీ దాన్నిబట్టి బ్రిడ్జ్ వద్దనడం న్యాయం కాదు.

నేను సర్వర్ గదుల్లో పనిచేసేవాణ్ణి. అక్కడ వీఎంలు దాదాపు అన్నీ బ్రిడ్జ్ మీదే ఉంటాయి. వీఎం అంటే నెట్‌వర్క్‌లో ఒక యంత్రం. దానికి సొంత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య), సొంత ఐపీ ఉండాలి, పక్క యంత్రం దాన్ని పిలవగలగాలి. మీ నాట్‌లో రెండు వీఎంలు పెడితే రెండింటికీ 10.0.2.15 వస్తుంది, ఒకదాన్నొకటి చూడలేవు. ఎస్‌ఎస్‌హెచ్‌తో (వేరే యంత్రం నుంచి లాగిన్ అయ్యే పద్ధతితో) లోపలికి వెళ్లాలంటే హోస్ట్‌లోని 2222 పోర్టును వీఎంలోని 22కు కలపాలి. ఇవన్నీ నెట్‌వర్క్ కాని నెట్‌వర్క్ పాఠాలు. విద్యార్థి ఏఆర్‌పీ (ఐపీని బట్టి మ్యాక్‌ను కనుక్కునే పద్ధతి) ఎలా నడుస్తుందో, డీహెచ్‌సీపీ ఎలా అడుగుతుందో ఎప్పుడు చూస్తాడు?

ఇంకొకటి, లోపం వెతికే పనిముట్లే నాట్‌లో దారి తప్పిస్తాయి. వర్చువల్‌బాక్స్ నాట్‌లో పింగ్ పనిచేసినా ట్రేస్‌రూట్‌ను (దారిలోని మజిలీలు చూపే కమాండ్‌ను) నమ్మలేం. క్యూఈఎంయూ అనే ఇంకో వీఎం ప్రోగ్రామ్ యూజర్ నెట్‌వర్కింగ్‌లోనూ ఇవే 10.0.2 అడ్రస్‌లు, అక్కడ చాలా చోట్ల బయటికి పింగ్ కూడా పోదు, అయినా బ్రౌజర్ చక్కగా పనిచేస్తుంది. పింగ్ రాలేదని నెట్ లేదనుకుని గంటలు గంటలు వృథా చేసుకున్నవాళ్లను చూశాను. బ్రిడ్జ్‌లో ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్క) ఎక్కడ ఆగిందో అక్కడే కనిపిస్తుంది.

హాస్టల్_మూడో_అంతస్తు:

సార్, నాది సరిగ్గా ఇదే సమస్య, అందుకే అడుగుతున్నాను. హాస్టల్ వైఫైలో ఫోన్ నంబరు, ఓటీపీ ఇస్తేనే నెట్ వస్తుంది. నాట్‌లో నెట్ రాలేదు. సీనియర్ చెప్పినట్టు బ్రిడ్జ్ పెట్టాను. ఇప్పుడు అడ్రస్సే రావడం లేదు. పక్క రూము అతని విండోస్ వీఎంలో 169.254తో మొదలయ్యేది ఏదో వచ్చింది. విండోస్‌లో మాత్రం యూట్యూబ్ బాగానే నడుస్తోంది. ఇప్పుడు ఏం చేయాలి?

ఆఫీస్_లాప్‌టాప్:

తమ్ముడూ, ముందు నాట్‌కి తిరిగి వెళ్లు. 169.254 అంటే డీహెచ్‌సీపీ జవాబు రాక యంత్రం తనకు తానే పెట్టుకున్న అడ్రస్, దానితో బయటికి పోలేవు.

వైఫై మీద బ్రిడ్జ్ ఎందుకు మొరాయిస్తుందో తెలుసుకోవడం మంచిది. వైఫైలో యాక్సెస్ పాయింట్ తన దగ్గర నమోదైన మ్యాక్ అడ్రస్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌లనే (డేటా ముక్కలనే) తీసుకుంటుంది. నమోదైంది నీ లాప్‌టాప్, వీఎం కాదు. పైగా మామూలు వైఫై ఫ్రేమ్‌లో మూడు అడ్రస్‌లకే చోటు, లాప్‌టాప్ వెనక ఇంకో యంత్రం ఉందని చెప్పడానికి గది లేదు. అందుకే వర్చువల్‌బాక్స్ వీఎం ఫ్రేమ్‌లలో మ్యాక్‌ను తీసేసి లాప్‌టాప్ మ్యాక్ పెట్టి పంపుతుంది. ఇది కొన్ని చోట్ల నడుస్తుంది, కొన్ని చోట్ల నడవదు. ఒకవేళ అడ్రస్ వచ్చినా, నీ హాస్టల్ లాగిన్ పేజీ వీఎంను కొత్త పరికరంగా చూసి మళ్లీ ఓటీపీ అడగవచ్చు. నాట్‌లో అయితే లాప్‌టాప్ లాగిన్‌తోనే వీఎం కూడా వెళ్లిపోతుంది.

ఆఫీసుల్లో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య సొరంగం) సంగతి ఇంకా ముఖ్యం. వర్చువల్‌బాక్స్ నాట్‌లో వీఎం మాటలు హోస్ట్ మాటల్లాగే వీపీఎన్ గుండా పోతాయి. బ్రిడ్జ్ పెడితే వీఎం నేరుగా ఇంటి రౌటర్‌తో మాట్లాడుతుంది, వీపీఎన్‌ను దాటేస్తుంది. ఆఫీసు లోపలి సర్వర్ అందడం లేదని బ్రిడ్జ్‌కి మార్చేవాళ్లు ఉన్న ఒక్క దారినీ మూసుకుంటున్నారు. ఇక డబ్ల్యూఎస్‌ఎల్2 (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) లాంటి చోట్ల వీపీఎన్ ఆన్ చేశాక పింగ్ పనిచేస్తుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్ద పేజీలు సగంలో ఆగిపోతాయి. అప్పుడు ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ పరిమాణం) చూడాలి. లోపల 1500 ఉండి, వీపీఎన్ సొరంగం అంతకంటే చిన్నదైతే ఇలాగే జరుగుతుంది.

కేబుల్_మనిషి:

వైఫై మీద బ్రిడ్జ్ నమ్మదగినది కాదన్నది ఒప్పుకుంటున్నాను, అందులో వాదన లేదు. నేను మాట్లాడేది కేబుల్ ఉన్న ల్యాబ్ గురించి. అక్కడ ఈ అడ్డంకులు ఏవీ లేవు కదా?

ల్యాబ్_మాస్టారు:

ఉన్నాయండి. వేరే రకంవి.

ఒక వీఎంను తయారు చేసి తరగతి మొత్తానికి కాపీ ఇస్తాం. కాపీ చేసేటప్పుడు కొత్త మ్యాక్ పెట్టమని ఎంచుకోకపోతే అందరికీ ఒకే మ్యాక్. నాట్‌లో దానివల్ల ఏ నష్టమూ లేదు, ఎవరి గోడల మధ్య వాళ్లు ఉంటారు. అదే బ్రిడ్జ్‌లో పెడితే ల్యాబ్ స్విచ్‌కు (కేబుళ్లన్నీ కలిసే పెట్టెకు) ఒకే మ్యాక్ పది పోర్టుల్లో, అంటే పది కేబుళ్ల మీద, కనిపిస్తుంది. నెట్ వస్తుంది, పోతుంది, వస్తుంది, పోతుంది. మ్యాక్ మార్చినా ఉబుంటు సర్వర్‌లో ఇంకో చిక్కు ఉంది. నెట్‌వర్క్‌ను చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ అనే సేవ డీహెచ్‌సీపీకి చెప్పుకునే గుర్తింపును మెషీన్ ఐడీ ఫైల్ నుంచి తయారు చేస్తుంది. కాపీలన్నింటిలో ఆ ఫైల్ ఒకటే. మ్యాక్‌లు వేరైనా అందరికీ ఒకే ఐపీ వచ్చేది అందుకే. ఈ రెండో కారణం తెలియక రౌటర్లు మార్చినవాళ్లు ఉన్నారు.

దానికితోడు, కొన్ని కాలేజీ స్విచ్‌లలో ఒక పోర్టుకు ఒకే మ్యాక్ అని పరిమితి పెడతారు. బ్రిడ్జ్ పెట్టగానే రెండో మ్యాక్ కనిపించి పోర్టే మూసుకుపోతుంది. అప్పుడు వీఎంతోపాటు అసలు కంప్యూటర్‌కు కూడా నెట్ ఉండదు.

భద్రతా_పాఠం:

ఇంత చర్చలో ఎవరూ అనని విషయం ఒకటి చెప్పాలి. మన పిల్లలు ఎథికల్ హ్యాకింగ్ అంటూ కాలీతో (హ్యాకింగ్ పనిముట్లున్న లైనక్స్‌తో) పాటు మెటాస్‌ప్లాయిటబుల్ 2 వీఎంను దించుకుంటారు. అది కావాలనే రంధ్రాలతో తయారు చేసిన యంత్రం, దాని యూజర్ పేరూ పాస్‌వర్డూ అందరికీ తెలిసినవే. నెట్ రాలేదని దాన్ని బ్రిడ్జ్‌లో పెడితే, హాస్టల్ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ యంత్రం తెరిచి ఇచ్చినట్టే. దయచేసి దాన్ని హోస్ట్ ఓన్లీలోనే (హోస్ట్, దాని వీఎంలు మాత్రమే ఉండే నెట్‌వర్క్‌లోనే) ఉంచండి. దానికి ఇంటర్నెట్ అవసరమే లేదు.

ఉబుంటు_హోస్ట్:

విండోస్ హోస్ట్ గురించే అంటున్నారు, లైనక్స్ హోస్ట్ వైపు నుంచి నా అనుభవం. లైనక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎంను, దాన్ని నిర్వహించే లిబ్‌వర్ట్‌తో వాడతాను, దాని నాట్ నెట్‌వర్క్ 192.168.122.0/24. నేను సొంతంగా బ్రిడ్జ్ కట్టుకుని వీఎంలు దాని మీద పెట్టాను, బాగా నడిచాయి. ఒకరోజు డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో నడిపేది) ఇన్‌స్టాల్ చేశాక బ్రిడ్జ్ మీదున్న వీఎంలన్నింటికీ నెట్ పోయింది. వీఎంలలో ఏ మార్పూ లేదు.

డాకర్ ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్‌లో) ఫార్వర్డ్ పాలసీని డ్రాప్‌గా మారుస్తుంది, అంటే అనుమతి లేని ప్యాకెట్లను దాటనివ్వదు. బ్రిడ్జ్ నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ ఎక్కి ఉంటే బ్రిడ్జ్ మీద పోయే ఫ్రేమ్‌లు కూడా ఆ నియమాల గుండానే పోతాయి, అక్కడ ఆగిపోతాయి. డాకర్ యూజర్ చైన్‌లో (మన సొంత నియమాలు రాసుకునే చోట) నా బ్రిడ్జ్‌కు అనుమతి ఇస్తూ ఒక నియమం పెట్టాక సరిపోయింది. కాబట్టి కేబుల్_మనిషి గారూ, బ్రిడ్జ్‌లో ప్యాకెట్ ఎక్కడ ఆగిందో అక్కడే కనిపిస్తుందన్న మాట పూర్తిగా నిజం కాదు. నా ప్యాకెట్లు నేను చూడాలని అనుకోని చోట ఆగాయి.

పాత_సెంటాస్:

కొందరిది అసలు నెట్‌వర్క్ సమస్యే కాదు. సెంటాస్ 7 అనే పాత లైనక్స్ ఉన్న వీఎంలో యమ్ (ప్రోగ్రామ్‌లు దించే కమాండ్) నడిపితే మిర్రర్‌లిస్ట్ (అవి దొరికే చోట్ల జాబితా ఇచ్చే) సైట్ పేరును కనుక్కోలేకపోయానని ఎర్రర్ వస్తుంది. చదివినవాళ్లు ఎవరైనా డీఎన్‌ఎస్ పాడైందనే అనుకుంటారు. నాట్, బ్రిడ్జ్, మళ్లీ నాట్ అంటూ తిరుగుతారు. సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది, ఆ మిర్రర్‌లిస్ట్ పేరునే తీసేశారు. మీ నెట్ బాగానే ఉంది, అవతల ఆ పేరే లేదు. ప్యాకేజీలన్నీ వాల్ట్ సైట్‌లో (పాతవి దాచే చోట) ఉన్నాయి. రెపో ఫైళ్లలో (యమ్ ఎక్కడ వెతకాలో చెప్పే ఫైళ్లలో) అడ్రస్ మార్చుకోవాలి, వీలైతే కొత్త సిస్టమ్‌కు మారాలి. ఇంకా పాత పాఠ్యపుస్తకాల వల్ల సెంటాస్ 7తోనే పాఠం చెప్పే కాలేజీలు ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

సెంటాస్ ఇన్‌స్టాల్ చేసిన మొదటి రోజే నెట్ లేకపోతే నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్స్ ఫైల్‌లో ఆన్‌బూట్ అనే వరుస చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్‌వర్క్ స్విచ్ ఆన్ చేయకపోతే అది నో అని ఉంటుంది.

హాస్టల్_మూడో_అంతస్తు:

నాట్‌కి తిరిగి మార్చాను సార్. 10.0.2.15 వచ్చింది, కానీ పాత భద్రపరచిన స్థితికి వెళ్లగానే మళ్లీ అదే కథ. 8.8.8.8కు పింగ్ పనిచేస్తోంది, గూగుల్ పేరుతో పనిచేయడం లేదు. డీఎన్‌ఎస్ అడ్రస్ ఉండే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్‌లో 127.0.0.53 ఉంది. తప్పు అదేనా?

ల్యాబ్_మాస్టారు:

కాదు నాన్నా, అది ఉబుంటులో మామూలే. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ ఆ అడ్రస్ దగ్గర కూర్చుని ప్రశ్నలను అసలు డీఎన్‌ఎస్‌కు పంపుతుంది. ఆ ఫైల్‌ను ముట్టుకోవద్దు. రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ అని కొట్టు, అసలు సర్వర్ ఏదో కనిపిస్తుంది.

హాస్టల్_మూడో_అంతస్తు:

172.16తో మొదలయ్యేది ఉంది. అది కాలేజీదే సార్. మీరు చెప్పినట్టు వీఎంను పూర్తిగా ఆపి, హోస్ట్ రిజాల్వర్ ఆన్ చేసి మొదలుపెట్టాను. అప్‌డేట్ నడుస్తోంది.

కేబుల్_మనిషి:

మంచిది, అబ్బాయి పని అయింది. అయినా మాస్టారూ, నా మూల ప్రశ్న అలాగే ఉంది. నాట్‌లోనే ఉంచితే నెట్‌వర్క్ ఎప్పుడు నేర్పుతారు? నేనైతే ఒక మాట అంటాను. వీఎంలో మొదటి అడాప్టర్ (నెట్‌వర్క్ కార్డు) నాట్‌లో ఉండనివ్వండి, ఇంటర్నెట్ దాని పని. రెండో అడాప్టర్ హోస్ట్ ఓన్లీ పెట్టండి, 192.168.56 అడ్రస్‌లు వస్తాయి, వీఎంలు ఒకదాన్నొకటి చూస్తాయి, ఎస్‌ఎస్‌హెచ్ కూడా కుదురుతుంది. ఏఆర్‌పీ, డీహెచ్‌సీపీ అన్నీ అక్కడ చూపించవచ్చు, హాస్టల్ వైఫైతో పని లేదు. ఒకటే జాగ్రత్త, రెండో దానికి గేట్‌వే ఇవ్వకూడదు. ఇస్తే డిఫాల్ట్ రూట్ (బయటికి పోయే మామూలు దారి) అటు తిరిగి మళ్లీ నెట్ పోయిందని ఇక్కడికే వస్తారు. ఉబుంటు సర్వర్‌లో రెండో అడాప్టర్‌ను తర్వాత చేర్చితే నెట్‌ప్లాన్ ఫైల్‌లో (అక్కడి నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఫైల్‌లో) దాని పేరు మనమే రాయాలి.

ల్యాబ్_మాస్టారు:

ఇది నాకు నచ్చింది, వచ్చే బ్యాచ్‌కు ఇలాగే ఇస్తాను. బ్రిడ్జ్ పాఠం కూడా పెడతాను, కేబుల్ ఉన్న ల్యాబ్‌లో, మెషీన్ ఐడీలు మార్చిన కాపీలతో, ఎందుకు పెడుతున్నామో చెప్పి. కానీ నెట్ రాలేదని వచ్చినవాడికి నేను ఇచ్చే మొదటి జవాబు మారదు: అడ్రస్ ఏమి వచ్చింది, గేట్‌వే ఏది, 8.8.8.8 అందుతోందా, పేరు అందుతోందా. ఈ నాలుగూ చెప్పాకే సెట్టింగ్స్ తెరవాలి.

కేబుల్_మనిషి:

ఆ నాలుగింటికీ నా ఓటు. ఐదోది కూడా కలపండి, వీఎంలో తేదీ సరిగా ఉందా అని. స్థితి భద్రపరచి వారాల తర్వాత తెరిచినప్పుడు గడియారం వెనకబడి ఉంటే, సైట్లు తమ గుర్తింపుకు చూపే సర్టిఫికెట్లలో ఆ తేదీ తర్వాత జారీ అయినవి చెల్లవంటుంది, అప్పుడూ వీళ్లు నెట్ లేదనే అంటారు.