పిడుదుల జ్వరం మీద వినతిపత్రం ఎవరికి ఇవ్వాలి?

నమస్కారం. మేము హైదరాబాదులో మౌలాలి వైపు ఉంటాము. కిందటి నెల మా నాన్నగారికి తొమ్మిది రోజులు జ్వరం తగ్గలేదు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలన్నీ చేయించాము. ఏదీ లేదన్నారు. చివరికి ఒక పెద్ద డాక్టరుగారు ఆయన అరచేతులు తిప్పి చూశారు. అక్కడా, అరికాళ్లలోనూ ఎర్రటి దద్దుర్లు. "ఇంటి దగ్గర కుక్కలున్నాయా?" అని అడిగారు. నాన్నగారు రోజూ వీధి కుక్కకు అన్నం పెట్టి, దాని చెవుల్లోని పిడుదులను చేత్తోనే పీకుతారు. ఇది పిడుదుల వల్ల వచ్చే టైఫస్ అని (టైఫాయిడ్ వేరు) చెప్పి డాక్సీసైక్లిన్ ఇచ్చారు. రెండో రోజుకే జ్వరం దిగింది. అంత చవకైన మందు కోసం తొమ్మిది రోజుల నరకం!

కీటకాల వల్ల వచ్చే వ్యాధుల జాతీయ కార్యక్రమంలో మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, బోదకాలు, మెదడువాపు, కాలా అజార్ ఉన్నాయి. పిడుదులతో వచ్చేది ఒక్కటీ లేదు. పిడుదుల వల్లే వచ్చే క్యాసనూరు అడవి జ్వరం పక్కనున్న కర్ణాటకలో 1957లోనే బయటపడింది.

కాలనీలో సంతకాలు సేకరిస్తున్నాము. బస్తీ దవాఖానాల సిబ్బందికి ఈ జ్వరాన్ని గుర్తించడంలో శిక్షణ ఇవ్వాలి, వీధి కుక్కలకు రేబిస్ టీకా వేసేటప్పుడే పిడుదుల మందు కూడా వేయాలి అన్నవి మా కోరికలు. అర్జీ వైద్య ఆరోగ్య శాఖకు ఇవ్వాలా, నగరపాలక సంస్థ పశువైద్య విభాగానికా? ప్రజావాణిలో ఇస్తే రెండు చోట్లకూ చేరుతుందా? ముందు సమాచార హక్కు కింద 10 రూపాయల దరఖాస్తు పెట్టి వివరాలు రాబట్టడం మేలా? ఇలాంటి అర్జీ వెంట తిరిగి పని సాధించినవారు దయచేసి దారి చెప్పండి.