పార్కింగ్ బండ్లకు గొలుసులు వేసి వరసకు నలుగుర్నే ఎక్కించడం సరైనదేనా?

కోర్లగుంట వాసి:
మన తిరుపతి పక్కనుండే ఒక పెద్ద ఆటల పార్కు గురించి ఈ చర్చ. పేరు రాయను, ఇది ఆ ఒక్క పార్కు సమస్య కాదు. కార్లు నిలిపే చోటి నుంచి గేటు దాకా ముక్కాలు కిలోమీటరు ఉంటుంది. ఆ దూరానికి బ్యాటరీ బండ్లు తిప్పుతారు. మొన్నటి దాకా వాటికి రెండు పక్కలా ఏ అడ్డమూ లేదు. ఈ నెల నుంచి ప్రతి వరసకూ గొలుసు వేసినారు. అయిదుగురు కూర్చునే చోట నలుగుర్నే కూర్చోబెడుతున్నారు. పిలకాయల తోపుడు బండి మడిస్తేనే ఎక్కనిస్తారు. వెనక నిలబడిన మనిషి గంట కొడితేనే ముందు డ్రైవరు బండి కదిలించాలి. దీంతో ఆదివారం క్యూ బాగా పెరిగింది. మా వీధి వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా ఇదే రచ్చ, పాత పద్ధతే బాగుండేదని అందరి మాట.

నేను ఒప్పుకోను. పోయిన దసరా సెలవుల్లో మా అమ్మను తీసుకొని అక్కడికే పోయినాను. ఆమెకు 66 ఏళ్ళు. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకొని కుడి కాలు మెట్టు మీద పెట్టింది. ఎడమ కాలు ఇంకా నేల మీదనే ఉంది. బండి కదిలింది. కుచ్చిళ్ళు మెట్టు అంచుకు తగులుకున్నాయి. అరచెయ్యి ఆనించి పడింది, మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇప్పటికీ ఆ చేత్తో చపాతీ పిండి కలపలేదు.

ఆస్పత్రిలో అందరూ ఒకటే అడిగినారు, బండి ఎంత స్పీడులో ఉన్నింది అని. స్పీడు ఏముంది? అప్పుడే కదిలింది, అంతే. నిదానంగా పోయే బండే కదా, ఏమవుతుందిలే అనే మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

రేణిగుంట రోడ్డు:
అన్నా, అమ్మకు జరిగింది చదివి మనసు కలుక్కుమనింది. అయినా నీ మాట నేను ఒప్పుకోలేను. పోయిన ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. ముగ్గురు పిలకాయలు, అయిదో నెల కడుపుతో మా ఇంటామె. రేకుల నీడ పది మందికి చాలదు, మిగతా క్యూ అంతా ఎండలోనే. ముక్కాలు గంట నిలబడినాము. మా ముందున్నోళ్ళు విసిగిపోయి నడక మొదలుపెట్టినారు. యాడ నడవాలి? కార్లు తిరిగే దారిలోనే. వెనక్కి తీసే కారులో కూర్చున్నోడికి కారు వెనకుండే మూడేళ్ళ బిడ్డ అద్దంలో కనబడదు, అద్దం ఆ ఎత్తుకు దిగదు. నా కళ్ళ ముందే ఒక తండ్రి బిడ్డను చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజినాడు. కారు జానెడు దూరంలో ఆగింది.

బండెక్కినోళ్ళకు గొలుసు వేసి కాపాడినారు, సరే. ఎక్కలేకపోయినోళ్ళను కార్ల మధ్యకు తోలినారు. దీన్ని భద్రత అని నేను అనలేను.

మన కొండనే చూడండి. 1944లో వేసిన ఘాట్ రోడ్డు ఒక్కటే ఉన్నన్నాళ్ళు ఎక్కే బండ్లు, దిగే బండ్లు దాని మీదనే. 1974లో రెండో రోడ్డు వచ్చినాక ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు అయింది. నడిచేవాళ్ళకు అలిపిరి మెట్లదారి ఉండనే ఉంది. దారులు వేరు చేయడం కదా అసలు పని? ముందు నడిచేవాళ్ళకు ఒక దారి వెయ్యమనండి, గొలుసుల సంగతి ఆనక చూడొచ్చు.

ఓర్లాండోలో పాకాల:
నాది పాకాల, ఉద్యోగానికి ఓర్లాండోలో ఉంటున్నాను. ఇక్కడ డిస్నీ వాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్‌కు పోతే కారు నిలిపిన చోటి నుంచి పార్కు గేటు కనబడను కూడా కనబడదు. ముందు ట్రాము ఎక్కి రవాణా కేంద్రానికి పోవాలి. అక్కడి నుంచి మోనోరైలు, లేదంటే చెరువు మీద లాంచీ. ట్రాము అంటే పట్టాల మీద పోయేది కాదు. ముందు ఒక ఇంజను బండి, దాని వెనక వరసగా పెట్టెలు. తోపుడు బండి మడవందే ఎక్కనివ్వరు. వరసలకు చిన్న తలుపులు ఉన్నాయి. చేతులు, కాళ్ళు లోపలే పెట్టుకోండని మైకులో చెప్పిన తరవాతే కదులుతుంది.

రేణిగుంట అన్న చెప్పిన సంగతి ఇక్కడా జరిగింది. కోవిడ్‌తో 2020 మార్చిలో పార్కులు మూసినప్పుడు ట్రాములూ ఆగినాయి. పార్కులు అదే ఏడు తెరిచినారు గాని, ట్రాము మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మళ్ళా తిరిగింది 2021 డిసెంబరులో. అన్నాళ్ళూ జనం ఆ పార్కింగ్ అంతా నడిచినారు. మా అత్తమామలు వచ్చినప్పుడు ఆ నడకకే అలిసిపోయి గేటు దగ్గర అరగంట కూర్చుండిపోయినారు. బండి లేకపోతే ఎంత కష్టమో నాకు తెలుసు.

అయినా నేను కోర్లగుంట అన్న పక్షమే. 2024 ఏప్రిల్ 20న లాస్ ఏంజిలిస్ దగ్గర యూనివర్సల్ స్టూడియోస్‌లో, పార్కింగుది కాదు, స్టూడియో చూపించే ట్రాములో చివరి పెట్టె పక్కనుండే ఇనుప కమ్మీకి తగిలి ఒరిగింది. మనుషులు బయటికి పడినారు, 15 మందికి దెబ్బలు. అంత పేరున్న చోటే అది జరిగింది. నిదానంగా పోయే బండికి ఏమీ కాదని ఇంక ఎవరు చెప్పినా నేను నమ్మను.

ఎస్వీయూ మెకానికల్:
స్పీడు గురించి ఒక్క మాట. బండి కుడికి తిరిగితే మనుషులు ఎడమకు తూలుతారు. ఎడమ అంచున కూర్చున్నోళ్ళకు ఆనుకొనేదానికి ఏమీ ఉండదు. అయిదో మనిషిని ఇరికించినప్పుడు అంచులో సగం తొడే సీటు మీద ఉంటుంది, ఇంకో సగం గాల్లో. తూలి కింద పడితే తల తగిలేది తారు రోడ్డుకే. ఆ దెబ్బకు బండి పరిగెత్తాల్సిన పని లేదు. అందుకే నా లెక్కలో గొలుసు కంటే నలుగుర్నే కూర్చోబెట్టడం పెద్ద మార్పు. గొలుసు నడుము దగ్గర వేలాడుతుంది. పెద్దోళ్ళు దాన్ని పట్టుకొని ఆగగలరు. నాలుగేళ్ళ బిడ్డ దాని కిందుగా జారిపోతాడు.

బండి తోలేవాడు:
నేను ఇట్లాంటి బండే తోలతాను. ఏ పార్కులో అనేది వద్దు. మీరంతా ఎక్కేవాళ్ళ పక్క నుంచి మాట్లాడుతున్నారు, ముందు సీట్లో నుంచి ఎట్లుంటుందో నేను చెప్తాను.

ఈ బండికి చప్పుడు ఉండదు. డీజిలు ఆటో అయితే స్టార్టు చెయ్యంగానే అందరికీ తెలుస్తుంది, కాలు లోపలికి తీసుకుంటారు. దీన్ని కాలితో తొక్కితే గమ్మున కదిలిపోతుంది. కొత్త బ్యాటరీ పెట్టిన రోజయితే ముందుకు ఒక గెంతు గెంతుతుంది. కోర్లగుంట అన్నా, మీ అమ్మ పడినప్పుడు బండి తోలిన మనిషికి ఆమె కనబడి ఉండదు. తప్పు లేదని అనడం లేదు. అద్దంలో నాకు కనబడేది మూడో వరస దాకే. దాని వెనక తలకాయలు, గొడుగులు, పిలకాయల బెలూన్లు. ముందు ఎవురో ఒకరు 'పోనీ పోనీ' అంటారు. ఎవురన్నారో తెలియదు. ఆ మాట నమ్మి ఎన్నోసార్లు పోనిచ్చినాను. తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

అన్నిటికంటే చివరి వరస మోసం. అది వెనక్కి తిరిగి ఉంటుంది. మిగతా అందరూ కదలంగానే సీటుకు ఆనుకుంటారు, చివరోళ్ళు మాత్రం ముందుకు, అంటే రోడ్డు మీదికి తూలుతారు. ఫోటోలకు బాగుంటుందని పిలకాయలు అక్కడికే పరిగెత్తుతారు.

గంట వచ్చినాక నాకు ప్రాణం కుదుట పడింది. ఇప్పుడు 'పోనీ' అనే హక్కు ఒక్కడికే ఉంది. వాడు ముందు నుంచి చివర దాకా నడిచి, కొక్కేలు చూసి, నేల మీద కాలు లేదని చూసి కొడతాడు. దానికి ఒక నిమిషం పడుతుంది. క్యూ పెరిగేది ఆ నిమిషం వల్ల కాదు. మునుపు అయిదు బండ్లు ఉన్నచోట ఇప్పుడు కూడా అయిదే. మనుషుల్ని తగ్గించినప్పుడు బండ్లు పెంచాల కదా. పెంచకుండా, పొద్దు గూకినాక 'ఎన్ని ట్రిప్పులు వేసినావు' అని మమ్మల్ని అడుగుతారు. ట్రిప్పులు లెక్కేసినంత కాలం ఏదో ఒక రోజు ఎవడో ఒకడు గంట కోసం ఆగకుండా పోనిస్తాడు. ఇది రాసి పెట్టుకోండి.

గిరింపేట అక్క:
బండి తోలే తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివినాను. మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు సరిగ్గా లేవదు. చిత్తూరు నుంచి మనవళ్ళతో వచ్చినాము. గొలుసు పెట్టేదానికి రెండు పక్కలా ఇనుప కడ్డీలు నిలిపినారు, బాగుంది. కానీ ఆ కడ్డీల మధ్య సందు తగ్గిపోయింది. మెట్టు మాత్రం అదే ఎత్తు. ఆయన కాలు పైకి ఎత్తి, పక్కకు తిప్పి, లోపలికి పెట్టాల. వెనక క్యూలో వాళ్ళు 'త్వరగా త్వరగా' అంటా ఉన్నారు. ఆ మాటకు ఆయన ముఖం చిన్నబోయింది. ఇద్దరు మనవళ్ళు రెండు చేతులూ పట్టి ఎక్కించినారు.

అందుకే మార్పు వద్దనను, సగంలో ఆపొద్దంటాను. ఒక్క బండికైనా మెట్టు కిందికి దించండి. పెద్దోళ్ళకు, కడుపుతో ఉన్నోళ్ళకు వేరే వరస పెట్టండి. క్యూలో తొక్కిడి కానివ్వకండి. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వారం టోకెన్ల కోసం నిలబడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరు మంది పోయినది మన తిరుపతిలోనే. గేటు తీసినప్పుడు జనం ఎట్లా ఉరుకుతారో మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. బండి ఎక్కేచోట కూడా ఆ జాగ్రత్తే ఉండాల.

రేణిగుంట రోడ్డు:
డ్రైవరన్న చెప్పినాక గంట విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గంట ఉండాల్సిందే. చివరి వరస సంగతి నాకు తెలియదు, మా పెద్దోడు ఎప్పుడూ అక్కడే కూర్చుంటాడు. ఇంక కూర్చోనివ్వను.

కానీ నలుగురి లెక్క మీద నా గొడవ అట్లానే ఉంది. మేము అయిదుగురం పోతే ఒక బిడ్డను వేరే వరసలో, తెలియనోళ్ళ పక్కన కూర్చోబెట్టమన్నారు. చంటిబిడ్డ ఒళ్ళో ఉన్నా తలకాయ లెక్కే అన్నారు. బండ్లు పెంచకుండా, నడిచే దారి వెయ్యకుండా సీట్లు మాత్రం తగ్గిస్తే ఆ భారమంతా ఎండలో నిలబడినోడి మీదనే పడుతుంది. ఇది అన్యాయం అని మళ్ళా మళ్ళా అంటాను.

కోర్లగుంట వాసి:
తమ్ముడూ, దారి గురించి నువ్వు చెప్పింది నాకు తట్టలేదు, నిజం. మా అమ్మ పడిన చోటునే చూస్తా ఉండిపోయినాను. ఒక పక్కన తాడు కట్టి, తెల్ల గీత గీసి, గోనెపట్టాల పందిరి వేస్తే చాలు, సగం మంది నడిచే పోతారు. పార్కు మేనేజరుకు నేను రాసే ఉత్తరంలో అదీ, అక్క చెప్పిన మెట్టూ పెడతాను. ట్రిప్పుల లెక్క ఆపమని కూడా రాస్తాను, డ్రైవరన్న ఊసు ఎత్తకుండా.

ఆలస్యం గురించి మాత్రం వెనక్కి తగ్గను. తిరుమల ఘాట్‌లో ఎక్కేదానికి 28 నిమిషాలు, దిగేదానికి 40 నిమిషాలు పట్టాలని నియమం. ముందే వచ్చేసినోళ్ళకు జరిమానా వేస్తారు. మొదట్లో దానికీ జనం గొణిగినారు. ఇప్పుడు మనమే బయటి ఊరి చుట్టాలకు చెప్తాము, తొందరపడొద్దు, టైము చూసుకొని దిగండి అని. కొండ మీద అంత ఓపిక పట్టే మనం పార్కింగ్‌లో ఒక్క నిమిషం ఎందుకు పట్టలేము?

నలుగురే కూర్చోవాలి. చంటిబిడ్డను తలకాయగా లెక్కేయొద్దని మాత్రం నీతో కలిసి నేనూ అడుగుతాను.

ఓర్లాండోలో పాకాల:
డ్రైవరన్నా, ఒక సందేహం. గంట కొట్టే మనిషి లేని పాత బండ్లు ఇంకా చాలాచోట్ల తిరుగుతున్నాయి. ఎక్కుతా ఉండంగానే బండి కదిలితే, 'ఆపు ఆపు' అని అరిస్తే మీకు వినబడుతుందా?

బండి తోలేవాడు:
వినబడదు సార్. పిలకాయలు అందరూ అరస్తానే ఉంటారు, అది కేకో, సంబరమో మాకు తెలియదు. పైకప్పు రేకును అరచేత్తో రెండుసార్లు గట్టిగా కొట్టండి. ఆ దబదబ ముందు దాకా వస్తుంది. అది వింటే బ్రేకు మీద కాలు పడాల్సిందే, మా పెద్ద డ్రైవరు నాకు నేర్పింది అదే.

గిరింపేట అక్క:
ఈ ఒక్క మాట మా మనవళ్ళకు ఇప్పుడే చెప్పినాను తమ్ముడూ.