మారుతి 800 ఇంజన్‌తో కట్టిన మిడ్ ఇంజన్ బండికి ఎస్టీమ్ ఇంజన్ పడుతుందా?

చీమకుర్తి ఫిట్టర్

అందరికీ నమస్కారం. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. పన్నెండేళ్లుగా రాయి కోసే యంత్రాల బేరింగులు, పుల్లీలు, నీటి పంపులు చూసుకోవడమే నా పని. మూడేళ్లుగా ఆదివారాలన్నీ ఖర్చుపెట్టి రెండు సీట్ల బండి ఒకటి కట్టుకున్నాను. చదరపు గొట్టాలతో చాసిస్, సీట్ల వెనక అడ్డంగా మారుతి 800 ఇంజన్, దాని గేరుబాక్సు. ముందు చక్రాలు తిప్పే సరంజామాను అలాగే ఎత్తి, తిప్పకుండా, వెనక్కి తెచ్చి పెట్టాను. అలా పెడితే ఇంజన్ వెనక ఇరుసుకు ముందు, మన వీపు వెనక కూర్చుంటుంది. 1972లో ఫియట్ వాళ్లు ఎక్స్1/9 చేసినప్పుడు 128 కారు ఇంజన్, గేరుబాక్సు తీసుకుని చేసిందీ ఇదే. 1984లో టయోటా ఎం.ఆర్.2 కూడా కరోలా సామానుతో ఇదే దారిన వచ్చింది. ఆ రెండు బండ్ల బొమ్మలు చూసే నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

ముందే ఒక మాట. ఈ బండిని రోడ్డు మీదికి తేను. ఇంట్లో కట్టిన బండికి రిజిస్ట్రేషన్ ఇవ్వరని తెలుసు. రిజిస్టరైన కారుకైనా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఫ్యాక్టరీ ఆవరణలో యజమాని అనుమతితో నడుపుతాను. ఒకసారి మాత్రం ట్రాలీ మీద కట్టి, నెల్లూరు మీదుగా చెన్నై దాటి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లాను.

అక్కడే అసలు కష్టం తెలిసింది. 3.7 కిలోమీటర్ల ట్రాక్. మలుపుల్లో నా బండి పెద్ద కార్లకు దగ్గరగానే ఉంది. దారి తిన్నగా సాగగానే ఒక్కొక్కరూ దాటి వెళ్లిపోయారు. 37 హార్స్‌పవర్ ఎంతని లాగుతుంది? నెల్లూరు ఆటోనగర్‌లో ఒకచోట పాత ఎస్టీమ్ ఇంజన్ చూశాను. 1.3 లీటర్, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, 85 హార్స్‌పవర్‌ది. గేరుబాక్సుతో కలిపి ఇస్తామన్నారు. టేపు పెట్టి కొలిస్తే నా చాసిస్ పక్క గొట్టాల మధ్య నాలుగు సెంటీమీటర్లు తక్కువ పడుతోంది. గొట్టం కోసి బయటికి జరపగలను. ఇంకా ఏమేం మార్చాలి? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

మా వేబ్రిడ్జి మీద తూకం వేశాను. మొత్తం 580 కిలోలు, అందులో వెనక చక్రాల మీద 340. ఇంకో సంగతి, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు: లారీలు తొక్కి గుంతలు పడినచోట అరవై దాటిన వేగంతో వెళ్తే బండి వెనక భాగం ఒక్కసారి పక్కకు విదిలిస్తుంది. స్టీరింగ్ నేను తిప్పకుండానే.

ఒంగోలు వైరింగ్

అన్నా, ముందు నా అభినందనలు అందుకో. కారు ఎలక్ట్రికల్ పనులు చేసేవాణ్ని కాబట్టి నా వైపు నుంచి చూసి చెబుతున్నాను. ఎస్టీమ్ కంటే ఆల్టో కే10 ఇంజన్ వెతుకు. 998 సీసీ, మూడే సిలిండర్లు, దాదాపు 67 హార్స్‌పవర్. మూడు సిలిండర్లు కాబట్టి పొడవు తక్కువ, నీ గొట్టాలు కోసే పని తప్పవచ్చు. టైమింగ్‌కు బెల్టు కాదు, చైన్. వీటన్నిటికంటే నీకు పనికొచ్చేది దాని గేరు. 2010లో వచ్చిన కే10కు గేరు రాడ్డు బదులు కేబుళ్లు ఇచ్చారు. ఇంజన్ వీపు వెనక ఉన్న బండిలో రాడ్డును చుట్టూ తిప్పి తేవడం ఎంత నరకమో నీకు నేను చెప్పాలా? కేబుళ్లయితే పాములా ఎటైనా వంచి తెచ్చుకోవచ్చు.

ఏ ఇంజన్ తీసుకున్నా వైరింగ్, ఇసియు (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), సెన్సార్లు, తాళంచెవి అన్నీ ఒకే బండివి అడుగు. ఇమ్మొబిలైజర్ ఉన్న బండి అయితే వేరే తాళంతో ఇంజన్ పలకదు. నీ 800 కార్బురేటర్‌దైతే దాని పెట్రోలు పంపు ఇంజెక్షన్‌కు సరిపోదు. ఎక్కువ ఒత్తిడి ఇచ్చే ఎలక్ట్రిక్ పంపు కావాలి. గొట్టాలు, క్లిప్పులు కూడా ఆ ఒత్తిడికి తగ్గవే వేయాలి. ఇందులో పొదుపు చేయకు, ఆ పెట్రోలు గొట్టం నీ వీపు వెనకే ఉంటుంది.

నెల్లూరు లేత్

తమ్ముడూ, నీ ప్రశ్నంతా ఇంజన్ గురించి. నేను రెండుసార్లు చదివినా నా చూపు చివరి రెండు వాక్యాల మీదే ఆగింది. స్టీరింగ్ తిప్పకుండానే వెనక విదిలిస్తోందన్నావు. ఆ బండిలో 85 హార్స్‌పవర్ పెట్టకు. ముందు దీని సంగతి తేల్చు.

నలభై ఏళ్లుగా లేత్ మీద ఉన్నాను. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాంటి బండి ఒకటి కట్టాను. నువ్వు ముందు చక్రాల సరంజామాను వెనక్కి తెచ్చావు కదా. అంటే వెనక చక్రానికి కూడా స్టీరింగ్ చేయి ఉంది, దానికి టై రాడ్డు (చక్రాన్ని పక్కకు తిప్పే కడ్డీ) తగిలించే కన్ను ఉంది. స్టీరింగ్ లేదు కాబట్టి ఆ టై రాడ్డు రెండో కొసను చాసిస్‌కు ఎక్కడో బిగించి ఉంటావు. ఎక్కడ బిగించావు? వెల్డింగుకు అనువుగా గొట్టం ఎక్కడ దొరికితే అక్కడేనా? నేను అదే చేశాను.

చక్రం పైకి కిందికి ఆడేటప్పుడు, దాన్ని కింద చాసిస్‌కు కలిపే లోయర్ ఆర్మ్ ఒక వంపులో తిరుగుతుంది, టై రాడ్డు ఇంకో వంపులో తిరుగుతుంది. రెండింటి పొడవూ వాలూ దాదాపు ఒకటైతే చక్రం తిన్నగా లేచి తిన్నగా దిగుతుంది. టై రాడ్డు పొట్టిదైనా, దాని లోపలి కొస ఎత్తు తేడాగా ఉన్నా, చక్రం లేచిన ప్రతిసారీ ఆ రాడ్డు స్టీరింగ్ చేతిని లాగుతుంది, లేకపోతే నెడుతుంది. వెనక చక్రం ముందు అంచు బయటికి తెరుచుకుందంటే బండి తోక తిప్పినట్టే. అమెరికాలో పాంటియాక్ ఫియరో అని మిడ్ ఇంజన్ కారు వచ్చింది. 1984 నుంచి 1987 దాకా దాని వెనక భాగంలో వేరే కారు ముందు సస్పెన్షన్ వాడారు. నీ బండికున్న జబ్బే దానికీ ఉండేది. 1988లో వెనక సస్పెన్షన్ కొత్తగా చేశారు, ఆ ఏడాదే కారు తయారీ ఆపేశారు.

ఎలా కొలవాలో చెబుతాను. మీ చీమకుర్తిలో ఉన్న సౌకర్యం నాకు లేదు. పాలిష్ చేసిన పెద్ద గ్రానైట్ పలక ఒకటి అడిగి తెచ్చుకో. ఇటుకల మీద పరిచి, నీటి గొట్టంతో మట్టం చూడు. వెనక చక్రం విప్పు. స్ప్రింగు తీసి షాక్ అబ్జార్బర్‌ను ఖాళీగా బిగించు. హబ్బుకు చక్రం బదులు నలభై సెంటీమీటర్ల పొడవున్న ఇనుప పట్టీ బోల్టు చెయ్యి. బండికి తిన్నగా, పట్టీకి పక్కగా ఒక దారం లాగి కట్టు. హబ్బు కింద జాకీ పెట్టి సెంటీమీటరు చొప్పున లేపుతూ, ప్రతిసారీ పట్టీ ముందు కొస నుంచి దారానికి ఎంత, వెనక కొస నుంచి ఎంత అని వెర్నియర్‌తో కొలిచి రాసుకో. రెండింటి తేడా మారకూడదు. మారితే ఎంత మారిందో ఇక్కడ రాయి.

టై రాడ్డును చాసిస్‌కు నేరుగా వెల్డింగ్ మాత్రం చేయకు. రెండు కొసలా బాల్ జాయింట్ ఉండాలి, పొడవు సర్దడానికి మరలు ఉండాలి.

ఇంజన్ సంగతికి వస్తే, యాక్సిల్ రాడ్లు. ఎస్టీమ్ గేరుబాక్సుకు, 800 హబ్బుకు పళ్లు కలవవు. అప్పుడు ఎవరో ఒకరు రెండు రాడ్లు కోసి మధ్యలో వెల్డింగ్ చేసి ఇస్తామంటారు. ఒప్పుకోకు. గట్టి పరచిన ఉక్కు వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం కోల్పోతుంది, ఆ అతుకు పక్కనే తెగుతుంది. ఏ కారు ఇంజన్ తీసుకుంటే ఆ కారువే నకుల్ (హబ్బును పట్టి ఉంచే ముక్క), హబ్బు, బ్రేకు, యాక్సిల్ అన్నీ తీసుకో. ఇంజన్ మార్చడం అంటే వెనక సగం మార్చడమే అనుకో. అందుకే ఆ టై రాడ్డు పాఠం ఇప్పుడే నేర్చుకోమంటున్నాను. కొత్త నకుల్‌తో మళ్లీ అదే లెక్క చేయాలి.

కందుకూరు, ప్రస్తుతం ఇంగ్లండ్

పెద్దాయన చెప్పిన తర్వాత ఎక్కువ చెప్పను. నాది మూడో తరం ఎం.ఆర్.2. 1999లో మొదలై 2007లో ఆగిపోయిన రకం, బరువు వెయ్యి కిలోల దరిదాపుల్లో ఉంటుంది. దానితో వచ్చిన 1.8 లీటర్ ఇంజన్ పేరు 1జెడ్‌జెడ్, దాదాపు 140 హార్స్‌పవర్. ఇక్కడ చాలామంది అందులో క్యామ్రీ లాంటి కార్ల 3.5 లీటర్ వీ6 దించుతారు. అదే కుటుంబం ఇంజన్‌ను లోటస్ వాళ్లు ఎవోరాలో కంపెనీ నుంచే పెట్టారు కాబట్టి అది వింత కోరికేమీ కాదు. నేను మాత్రం 2జెడ్‌జెడ్ పెట్టించాను. అదీ 1.8 లీటరే, పాతదాని కుటుంబమే, కానీ దాదాపు 190 హార్స్‌పవర్. ఇంజన్ పరిమాణం పెరగలేదు, శక్తి మాత్రం పెరిగింది. ఒంగోలు మిత్రుడి కే10 సలహా నాకు అందుకే నచ్చింది.

ఒక్క హెచ్చరిక. వెనక బరువున్న బండిలో, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయకండి. బరువు ముందుకు పడుతుంది, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది, బండి గిర్రున తిరుగుతుంది. రెనో వాళ్లు చిన్న క్లియోలో వెనక సీటు తీసేసి మూడు లీటర్ల వీ6 పెట్టినప్పుడు మొదటి రకానికి ఈ చెడ్డపేరే వచ్చింది. 2003లో వచ్చిన రెండో రకానికి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) పెంచి, సస్పెన్షన్ సరిచేశారు. కంపెనీకే అంత పని పట్టింది.

రేడియేటర్ ముందుందా, వెనకా? ముందుంటే నీటి గొట్టాలు బండి పొడవునా వెళ్తాయి. ఎక్కడ గొట్టం పైకి లేచి మళ్లీ దిగుతుందో అక్కడ గాలి బుడగ నిలుస్తుంది. అన్నిటికంటే ఎత్తైన చోట గాలి వదిలే మర ఒకటి పెట్టండి. ఎం.ఆర్.2లో కంపెనీయే వాటిని ఇచ్చింది.

చీమకుర్తి ఫిట్టర్

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఆదివారం రెండు పోతే గాని పని తెమల్లేదు.

నెల్లూరు అన్నగారూ, మీరు చెప్పినట్టే చేశాను. అంచు విరిగి అమ్మకానికి పనికిరాని గెలాక్సీ గ్రానైట్ పలక ఒకటి యజమాని ఇచ్చారు. నల్లటి పలక మీద తెల్ల దారం చాలా స్పష్టంగా కనిపించింది, కొలవడం తేలికైంది. జాకీ ఐదు సెంటీమీటర్లు లేపేసరికి పట్టీ ముందు కొస, వెనక కొస తేడా ఆరు మిల్లీమీటర్లు వచ్చింది. అదీ బయటికే. ఎడమ చక్రానికి ఆరు, కుడి చక్రానికి నాలుగున్నర. మీరు అనుమానించినట్టే నా టై రాడ్డు లోయర్ ఆర్మ్ కంటే ఎనిమిది సెంటీమీటర్లు పొట్టిది. వెల్డింగుకు గొట్టం అక్కడ దొరికింది, అక్కడే అతికించాను. మూడేళ్లు ఆ చక్రాల పక్కనే కూర్చుని పని చేసినా నాకు ఆ ఊహ రాలేదు.

అడ్డంగా కొత్త గొట్టం వేసి, లోపలి కొసను లోపలికి జరిపి, రేకు ముక్కలు పెట్టి తీసి ఎత్తు సరిచూసుకున్నాను. ఇప్పుడు అదే ఐదు సెంటీమీటర్లకు తేడా ముప్పాతిక మిల్లీమీటరు, రెండు వైపులా. నిన్న సాయంత్రం లారీల గుంతల మీదుగా డెబ్బై దాకా వెళ్లాను. కుదుపు ఉంది, విదిలింపు లేదు. ఆగి, దిగి, మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ నడిపాను, నమ్మకం కలగక.

ఇక ఇంజన్. గొట్టాల మధ్య కే10 పడుతుందో లేదో కొలవాలి. ఎస్టీమ్ మీద మనసు పూర్తిగా పోలేదు, దాని చప్పుడు నాకిష్టం. కానీ కేబుల్ గేరు మాట విన్న తర్వాత, ఇప్పుడున్న నా గేరు రాడ్డుకు పెట్టిన మూడు జాయింట్ల వదులు గుర్తొచ్చి కే10 వైపే మొగ్గుతున్నాను. కందుకూరు మిత్రమా, నా రేడియేటర్ ముందే ఉంది. గొట్టం సీటు కింద నుంచి వెళ్లి ఫైర్‌వాల్ (సీట్లకు, ఇంజన్‌కు మధ్య అడ్డు రేకు) దగ్గర పైకి లేస్తుంది. గాలి మర అక్కడ లేదు, ఈ వారమే పెడతాను.

ఒంగోలులో గాని నెల్లూరులో గాని కే10 ఇంజన్, గేరుబాక్సు, కేబుళ్లు, నకుళ్లు, వైరింగ్, తాళంచెవి అన్నీ ఒకే బండివి దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వచ్చి ముందు మౌంటింగుల మధ్య దూరం కొలుచుకుని, ఆ తర్వాతే బేరం ఆడతాను.

నెల్లూరు లేత్

ముప్పాతిక మిల్లీమీటరు బాగుంది. ఎడమకు ఆరు, కుడికి నాలుగున్నర ఎందుకు వచ్చిందో కూడా చూడు. లోయర్ ఆర్మ్ బిగించిన రంధ్రాలు రెండు వైపులా ఒకే ఎత్తులో లేవేమో. పలక మీదే ఉంది కదా బండి, పలక నుంచి ఆ రెండు బోల్టుల ఎత్తు కొలిచి చెప్పు. ఆటోనగర్‌లో రేపు నేను అడిగి చూస్తాను.