పాత ట్రావెలర్ వ్యాను కొని సొంతంగా క్యాంపర్‌గా మార్చుకుంటే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: భవానీనగర్ వాసి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా ఊళ్లో యాత్రికులకు బళ్లు తిప్పే ఒకాయన తన పన్నెండు సీట్ల ఫోర్స్ ట్రావెలర్‌ను అమ్మకానికి పెట్టారు. రూ. 4.20 లక్షలు చెబుతున్నారు. దాన్ని కొని, సీట్లు తీసేసి, నలుగురం పడుకునేలా, చిన్న వంటగది ఉండేలా నేనే మార్చుకోవాలనుకుంటున్నాను. మా బావమరిది వడ్రంగం బాగా చేస్తాడు కాబట్టి లేబర్ ఖర్చు ఉండదు. ప్లైవుడ్, సామాన్లకు రూ. 45 వేలు, వేడి ఆపే ఫోమ్, నేల పనికి రూ. 20 వేలు, బ్యాటరీ, సోలార్, వైరింగ్‌కు రూ. 70 వేలు, ఫ్రిజ్, సింకు, నీళ్ల ట్యాంకు, పొయ్యికి మరో రూ. 45 వేలు వేసుకున్నాను. బండితో కలిపి సరిగ్గా రూ. 6 లక్షలు.

మేము ఏటా పాతిక రాత్రుల దాకా బయట గడుపుతాం. సగటున గదికి రూ. 2,500 అనుకున్నా రూ. 62,500 అవుతుంది. ఆ లెక్కన పదేళ్లలో పెట్టుబడి తిరిగి వచ్చేస్తుందని నా ఆలోచన. ఇప్పుడు ఊళ్లు తిరగడానికి ఒక డీజిల్ కారు ఉంది. దాన్ని అమ్మే ఉద్దేశం లేదు. నా లెక్కలో వదిలేసినవి ఏమైనా ఉంటే, బయానా ఇవ్వకముందే తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: గ్రీమ్స్‌పేట పాఠకుడు, చిత్తూరు

ప్లైవుడ్ ధర సంగతి తరువాత చూడవచ్చు, ముందు ఆ బండి ఆర్‌సీ తెప్పించుకుని చదవండి. యాత్రికులను తిప్పిన బండి అంటే పసుపు బోర్డు బండి. దాన్ని సొంత వాడకానికి తెచ్చుకోవాలంటే పర్మిట్ సరెండర్ చేయాలి, పన్ను బకాయిలు లేవని చూపాలి, ఫైనాన్స్ ఉంటే తీర్చినట్టు కాగితం ఉండాలి, ఆపైన రవాణా శాఖ వారు ఒప్పుకుంటేనే సొంత వాహనంగా మారి లైఫ్ ట్యాక్స్ కట్టే దశకు వస్తుంది. ఇవన్నీ అమ్మే ఆయనే పూర్తి చేసి ఇస్తే ఒక ధర, మీ నెత్తిన పడితే మరో ధర. బేరమాడవలసింది ఇక్కడే.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించగా ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సీట్ల సంఖ్య కూడా ఆ వివరాల్లో ఒకటి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని ఉంది. మోటార్ కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉన్న మాట నిజమే. అయితే అది పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థల వద్ద నమూనాకు ఆమోదం తెచ్చుకుని కట్టే తయారీదారులకు అనువైన దారి. ఇంటి ముందు ఒక్క బండి కట్టుకునేవారు ఆ ఖర్చు భరించలేరు.

దారిలో ఎవరో ఆపి జరిమానా రాస్తారన్నది చిన్న భయం. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేసిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది. రూ. 6 లక్షల లెక్కలో ఆ ముప్పుకు ఎంత వేయాలో మీరే ఆలోచించండి.

జవాబు: రేణిగుంట రోడ్డు షెడ్డు

నేను బాడీ పనులు చేయిస్తుంటాను కాబట్టి బండి గురించే చెబుతాను. కాగితాల సంగతి పైన చెప్పినవారు సరిగానే చెప్పారు.

యాత్రికుల బండి కొనేటప్పుడు ఇంజను శబ్దం విని సంతృప్తి పడకూడదు. కపిలతీర్థంలో మునిగి తడి బట్టలతోనే ఎక్కే జనం, కొండ మీద వానలో తడిసి వచ్చే జనం ఏళ్ల తరబడి ఆ నేల మీదే కాళ్లు పెడతారు. తలుపు దగ్గర మెట్టు మీది రబ్బరు మ్యాటు అంచు పట్టి పైకి లేపండి. కింద ప్లైవుడ్ నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంటే నేల మొత్తం తీయవలసిందే. వెనుక చక్రాల మీది వంపు రేకుల లోపలి వైపు స్క్రూ డ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. టంగుమని మోగితే మంచిది. రేకు పొరలు పొరలుగా రాలితే వెల్డింగ్, తుప్పు నివారణ రంగు, కొత్త నేల కలిపి మీరు వేసుకున్న రూ. 20 వేలు ఆ ఒక్క పనికే చాలవు. అలాగే ఘాట్ రోడ్డు బళ్లకు క్లచ్చి, బ్రేకు డ్రమ్ములు, కమాన్ పట్టీలు తొందరగా అరుగుతాయి. టైర్లు మార్చవలసి వస్తే అది వేరే పద్దు. ఇవన్నీ చూశాక, బండి ధర కాకుండా కనీసం రూ. 80 వేలు పక్కన పెట్టుకోమని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతుంటాను.

బరువు గురించి చాలామంది అనవసరంగా భయపడతారు, భయపడవలసిన చోట మాత్రం భయపడరు. పన్నెండు మంది మనుషులు, వాళ్ల సంచులు కలిస్తే ఎనిమిది వందల కిలోల పైనే. ఆ బరువు మోయడానికే కట్టిన బండి అది. ఎనిమిదడుగులకు నాలుగడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు సుమారు 35 కిలోలు, 12 మిల్లీమీటర్లది 23 కిలోలు ఉంటుంది. నాలుగైదు షీట్లు, 80 లీటర్ల నీరు, మంచాలు, బ్యాటరీ అన్నీ కలిపినా మనుషుల బరువు కంటే తక్కువే. చిక్కల్లా ఆ బరువు ఎక్కడ పెడతారన్న దాని దగ్గరే వస్తుంది. వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ ఒకే వైపు పెట్టి, పైన బరువైన అలమరాలు బిగించి, టాపు మీద ప్యానెళ్లు, నిచ్చెన ఎక్కిస్తే మొదటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ బండి ఒక పక్కకు వాలడం స్టీరింగులోనే తెలుస్తుంది. నీళ్లు, బ్యాటరీ నేలకు ఆనించి, ఇరుసుల మధ్య ఉండేలా చూడండి. పైన అలమరాలకు 6 లేదా 9 మిల్లీమీటర్ల ప్లై చాలు, బట్టలు తప్ప ఏమీ పెట్టకండి.

మీ బావమరిది గారికి ఒక మాట. ఇంటి అలమరాలాగా మేకులు, జిగురు నమ్ముకుంటే ఆరు నెలల్లో ప్రతి కీలూ కిర్రుమంటుంది. బోల్టులకు స్ప్రింగ్ వాషర్ గానీ నైలాన్ నట్టు గానీ వేయించండి. సొరుగులకు తాళం పడే గొళ్లెం ఉండాలి, లేకపోతే ఒక్క సడన్ బ్రేకుకు గరిటెలన్నీ డ్రైవరు వీపు మీదకు వస్తాయి.

జవాబు: తిరుచానూరు ఎలక్ట్రికల్

మీరు ఏసీ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచిది, అయితే మే నెల వచ్చేసరికి ఇంట్లోవాళ్లు తప్పకుండా ఎత్తుతారు కాబట్టి ఇప్పుడే లెక్క చూసుకోండి. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో నిల్వ ఉండేది సుమారు 1,280 వాట్ అవర్లు. ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్లు లాగుతుందనుకుంటే గంట పైన కొద్దిసేపు నడుస్తుంది. రాత్రి ఎనిమిది గంటలు నడవాలంటే అలాంటివి ఆరేడు కావాలి, వాటిని మళ్లీ నింపడానికి మీ టాపు మీద పట్టే సోలార్ చాలదు. అప్పుడు మీ రూ. 70 వేల పద్దు తడిసి మోపెడవుతుంది.

ఏసీ లేకుండా అయితే మీ పద్దు దాదాపు సరిపోతుంది. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్‌కు మన ఎండల్లో రోజుకు 500, రెండు డీసీ ఫ్యాన్లకు 300, లైట్లు, ఫోన్లకు 100 వాట్ అవర్లు అనుకుంటే మొత్తం 900. రెండు వందల వాట్ల ప్యానెళ్లు పడుకోబెట్టి బిగిస్తే, నష్టాలు పోగా 700 దాకా వస్తుంది. లోటును బండి నడిచేటప్పుడు, ఇంజను నుంచి వచ్చే కరెంటుతో బ్యాటరీని నింపే డీసీ–డీసీ చార్జర్ పూడుస్తుంది. టాపుకు ప్యానెల్‌కు మధ్య రెండంగుళాల సందు ఉంచండి. వేసవిలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీల మీద పెరిగే ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున దాని శక్తి పడిపోతుంది. గాలి ఆడితే ఆ నష్టం కొంత తగ్గుతుంది, పైగా ప్యానెల్ నీడ టాపుకు పడుతుంది.

ఇంటి ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ చవక కదా అని దాని వైపు పోకండి. అది యాభై కిలోల పైన ఉంటుంది, సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది, చార్జింగ్ సమయంలో వచ్చే వాయువు పడుకునే చోటే చేరుతుంది. ఏ బ్యాటరీ అయినా ప్లస్ కొసకు అడుగు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఇండక్షన్ పొయ్యి ఆశ ఉంటే వదులుకోండి. రెండు వేల వాట్లంటే 12 వోల్టుల మీద 160 ఆంపియర్లకు పైమాటే.

జవాబు: పలమనేరు గృహిణి

నేను డబ్బు లెక్క వైపు నుంచే చెబుతాను, ఎందుకంటే మీ పదేళ్ల లెక్క నాకు నిలబడేలా కనిపించడం లేదు. రూ. 6 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేసుకుంటే ఏడాదికి రూ. 42,000 వడ్డీ వస్తుంది. గది అద్దెలో మీరు మిగుల్చుకునే రూ. 62,500లో అది పోతే మిగిలేది రూ. 20,500. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్ల అరుగుదల, బండి నిలబెట్టే చోటు అన్నీ అందులోనే రావాలి. డీజిల్ కూడా చూడండి. మీ కారు లీటరుకు పదహారు, ఆ వ్యాను పది ఇస్తుందనుకుంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకు 37.5 లీటర్లు అదనం. పైగా అమ్మేటప్పుడు లోపలి పనికి మీరు పెట్టిన రూ. 1.80 లక్షలకు విలువ కట్టేవారు మన వైపు అరుదు. బండిని మళ్లీ సీట్లతో కావాలనేవారే ఎక్కువ, కాబట్టి తీసిన సీట్లు పారేయకుండా దాచుకోవడానికి కూడా చోటు కావాలి.

పాతిక రాత్రులూ బండిలోనే గడుస్తాయన్న నమ్మకం కూడా నాకు లేదు. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలో ఉంది, అడవిలో ఇష్టం వచ్చిన చోట రాత్రి బండి ఆపనివ్వరు. మా వైపు కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల ఏనుగులు పొలాల మీదకు వస్తుంటే రైతులే రాత్రిళ్లు భయంభయంగా కాపలా కాస్తున్నారు. అక్కడ రోడ్డు పక్కన పిల్లలతో పడుకుంటామా? చివరికి పెట్రోలు బంకు ఆవరణో, దాబా పక్కనో గతి. మరుగుదొడ్డి విషయం మీరు అసలు రాయలేదు. డబ్బా మాదిరి టాయిలెట్ పెట్టుకోవచ్చు, కానీ దాన్ని ఖాళీ చేసే ఏర్పాటు మన దారుల్లో కనిపించదు, ఆ పని ఎవరు చేయాలన్న ప్రశ్న ఇంట్లో ముందే తేల్చుకోండి.

మేము మా వ్యానుకు ఏ మార్పూ చేయలేదు. సామాను పెట్టే చోట పట్టే ఒక ప్లైవుడ్ పెట్టె చేయించాం. అందులో పొయ్యి, గిన్నెలు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఉంటాయి. ఆగిన చోట పెట్టె దించి, పక్కన గుడారం వేసుకుంటాం. మొత్తం రూ. 30 వేల లోపే అయింది. ఇంటికి రాగానే పెట్టె అటక ఎక్కుతుంది, సీట్లు సీట్లలాగే ఉంటాయి, ఆర్‌సీకి ఏ ఇబ్బందీ లేదు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ లాంటి చల్లటి చోట గది తీసుకుని, పగలు మాత్రం ఈ పెట్టెతో వంట చేసుకుంటే పిల్లలకు ఆ సరదా కూడా తీరుతుంది.

జవాబు: రేణిగుంట రోడ్డు షెడ్డు

పలమనేరు వారితో డబ్బు లెక్క వరకు ఏకీభవిస్తాను. అయితే ఏడాదికి అరవై డెబ్బై రాత్రులు తిరిగేవారికి, కారు అమ్మేసి ఒకే బండి ఉంచుకునేవారికి లెక్క మారుతుంది. ప్రశ్న వేసిన వారు ఆ రెండింటిలోకీ రారు.

ప్రశ్న వేసిన వారి స్పందన: భవానీనగర్ వాసి, తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. వడ్డీ, రెండో బండి ఖర్చు నేను వేసుకోలేదన్నది నిజం. ఈ ఉదయం వెళ్లి మెట్టు మీద మ్యాటు లేపి చూస్తే ప్లైవుడ్ నల్లగానే ఉంది. బయానా ఇవ్వలేదు. ప్రస్తుతానికి మా కారుకే సరిపోయేలా పెట్టె చేయించి, ఈ ఏడాది నిజంగా ఎన్ని రాత్రులు గుడారంలో గడుపుతామో చూడాలని ఇంట్లో అనుకున్నాం. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. పొయ్యికి ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ వద్దని తెలుసు, 5 కిలోలది అయితే కారులో పెట్టుకోవచ్చా?

జవాబు: పలమనేరు గృహిణి

మేము అదీ పెట్టుకోం. చిన్న బ్యూటేన్ డబ్బాతో నడిచే పెట్టె పొయ్యి నలుగురి వంటకు సరిపోతుంది. వంట మాత్రం ఎంత వాన పడుతున్నా బండి లోపల చేయకండి. గ్యాసు గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, వాసన తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఎండలో కారు నిలిపి వెళ్లేటప్పుడు డబ్బాలు లోపల వదిలేయకండి. తిరుమలకు వెళ్లే రోజు పొయ్యి, డబ్బాలు ఇంట్లోనే దించి వెళ్లండి. అలిపిరి తనిఖీ దగ్గర వెనుక పదుల బళ్లు ఆగి ఉండగా పెట్టె మొత్తం విప్పి చూపించే బాధ తప్పుతుంది.