అప్‌డేట్: జేస్టోర్ లింకులు గైడ్ గారి దగ్గర తెరుచుకోకపోవడం – పరిష్కారమైంది

పోయిన నెల అడిగాను గుర్తుందా? థీసిస్ ఫుట్‌నోట్లలో నేను పెట్టిన జేస్టోర్ (పరిశోధన పత్రికల ఆన్‌లైన్ భాండాగారం) వ్యాసాల లింకులు నాకు తెరుచుకుంటున్నాయి, మా గైడ్ గారికి తెరుచుకోవడం లేదు అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అడ్రస్ బార్ ఒకసారి సరిగ్గా చూడమన్నవారి మాటే నిజమైంది. నేను కాపీ చేసినవన్నీ మా లైబ్రరీ లాగిన్ మీదుగా వచ్చిన ప్రాక్సీ లింకులు. బయటివాళ్లు నొక్కితే పాస్‌వర్డ్ అడిగే పేజీ వస్తుంది, అంతే. కూర్చుని 43 లింకులూ మార్చాను. వ్యాసం పేజీలో 10తో మొదలయ్యే డీఓఐ (వ్యాసానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే అది, లేకపోతే అక్కడే కనిపించే శాశ్వత లింకు, ‘స్టేబుల్ యూఆర్‌ఎల్’.

ఈలోగా గైడ్ గారు ఇంకో తప్పు పట్టుకున్నారు. ఫుట్‌నోట్‌లో నేను వాడుకున్న పేజీ మాత్రమే రావాలి, ఉదాహరణకు 214. వ్యాసం మొత్తం పేజీలు, అంటే 201–229, బిబ్లియోగ్రఫీలో. నేను రెండుచోట్లా మొత్తమే వేసి కూర్చున్నాను.

వ్యాసం చూసిన తేదీ రాసుకోలేదని పడ్డ టెన్షన్ మాత్రం దండగ. మాది చికాగో పద్ధతి (ఆధారాలు రాసే తీరుల్లో ఒకటి), అందులో అది తప్పనిసరి కాదు. జోటెరో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసిందీ వృథానే, పాపం దాని తప్పేం లేదు.